కత్తెరకు దొరికినవి, దొరకనివి

ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమా చూస్తున్నప్పుడు ఒక దగ్గు వినబడుతుంది. మీ ఇంట్లోనూ వినే ఉంటారు. తెర మీద నాయికా నాయకులు కాస్త దగ్గరగా జరిగేసరికి ఇంటిపెద్దకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కోడలికి పొయ్యి మీది పాలు గుర్తుకొస్తాయి. అంతసేపూ బొమ్మకు కళ్ళప్పగించి కూర్చున్న పిల్లవాడికి ఉన్నట్టుండి దాహం వేస్తుంది. ఆ రెండు నిమిషాలూ గడిచిపోగానే మళ్ళీ అందరూ వచ్చి ఎవరి చోట వారు కూర్చుంటారు, ఏమీ జరగనట్టే!

నాకు వింతగా తోచేది ఈ దగ్గు కాదు. అదే సినిమాలో పావుగంట క్రితం విలను ఒక ఆడపిల్లను గదిలోకి లాగి తలుపు గడియ పెట్టినప్పుడు ఎవరికీ దగ్గు రాలేదు. పాలు పొంగలేదు, దాహమూ వేయలేదు. పైగా "అయ్యో, పాపం" అంటూ అందరమూ కుర్చీల్లో ముందుకు జరిగి మరీ చూశాము. ఇష్టపడి పట్టుకున్న చెయ్యి మనకు సిగ్గు తెస్తుంది గాని, బలవంతాన పట్టుకున్న చెయ్యి తేదు. ఎందుకని?

ఈ దగ్గును కాగితం మీద రాసి, సూత్రాలు కట్టి, సంతకాలు పెట్టి అమలు జరిపినవారు అమెరికావారు. అందుచేత ముందు అక్కడి సంగతి కాస్త చెప్పుకోవాలి.

1896లో ఎడిసన్ కంపెనీవారు ఒక చిన్న బొమ్మ తీశారు. దాని పేరే "ముద్దు". మే ఇర్విన్, జాన్ రైస్ అనే నాటకాల నటీనటులు, పడుచువాళ్ళేమీ కారు, కబుర్లాడుకుంటూ చివరకు ఒక ముద్దు పెట్టుకుంటారు. అంతా కలిపి అరనిమిషం కూడా లేదు. అదే జంట అదే ముద్దు నాటకంలో పెట్టుకుంటే ఊరుకున్న పెద్దలు, తెర మీద అంత పెద్దగా కనిపించేసరికి గగ్గోలు పెట్టారట. సినిమాకు ఏడాది నిండకముందే దగ్గు పుట్టిందన్నమాట.

తరువాత ముప్ఫై ఏళ్ళు ఇష్టారాజ్యంగా నడిచింది. ఊరూరా చర్చిలవారు, మహిళా సంఘాలవారు కేకలు వేయగా, ప్రభుత్వం కత్తెర పట్టుకొచ్చేలోగా మన కత్తెర మనమే పెట్టుకుందామని సినిమా కంపెనీల యజమానులు ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకున్నారు. ఆయన విల్ హేస్, అంతకు ముందు అమెరికా ప్రభుత్వంలో తపాలా శాఖ చూసినవాడు. 1930లో నియమావళి తయారైంది. 1934 జులై నుండి జోసెఫ్ బ్రీన్ అనే ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ముద్ర లేనిదే పెద్ద కంపెనీల సినిమాహాళ్ళలో బొమ్మ పడదు. ముద్దు మితిమీరకూడదు. వ్యభిచారం సుఖంగా ఉన్నట్టు చూపకూడదు. భార్యాభర్తలయినా సరే, సాధారణంగా రెండు మంచాలు వేరువేరుగా వేసి చూపేవారు. అమెరికాలో పిల్లలు ఎట్లా పుడుతున్నారా అని సినిమాలు మాత్రమే చూసే పరదేశికి అనుమానం రావలసిందే!

ఆ కట్టుబాటులో చాకచక్యం కూడా పుట్టింది, ఒప్పుకోవాలి. ముద్దు మూడు సెకన్లు దాటరాదని వాడుక ఉండేది. 1946లో "నొటోరియస్" తీసిన హిచ్‌కాక్, కారీ గ్రాంట్ చేతా ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ చేతా రెండు సెకన్లు ముద్దు పెట్టించి, ఒక మాట అనిపించి, మళ్ళీ ముద్దు పెట్టించి, వంట సంగతి మాట్లాడించి, టెలిఫోను ఎత్తించి, మళ్ళీ పెట్టించి, ఆ విధంగా రెండున్నర నిమిషాలు నడిపించాడు. ఏ ముద్దూ నియమం దాటలేదు. కొలబద్దతో కొలిచేవాడికి ఏమీ దొరకలేదు.

మా పోచంపల్లివారికి ఈ కిటుకు చెప్పనక్కరలేదు. మేము చిటికి కట్టేవాళ్ళం. నూలు పోగుల మీద ఎక్కడెక్కడ రబ్బరు బిగించి కడతామో అక్కడ రంగు ఎక్కదు. విప్పి చూస్తే ఆ కట్టిన చోటే పువ్వవుతుంది, ఏనుగవుతుంది, చిలకవుతుంది. కట్టు బిగువు సరిగా ఉంటేనే సుమండీ. లేకపోతే రంగు లోపలికి పాకి అంతా మురికవుతుంది.

ఆ నియమావళిలోనే ఇంకొక వాక్యం ఉండేది. దాన్ని గురించి ముద్దుల సంగతి చెప్పేవారు అంతగా చెప్పరు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమ తెర మీద చూపరాదు. 1956లో గాని దాన్ని తీసివేయలేదు. మర్యాద పేరుతో రాసిన కాగితంలో ఇటువంటిది దాక్కుని ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మర్యాద సంచిలో ఎవరి సామాను వారు పెట్టుకుంటూనే ఉంటారు.

సరిగ్గా ఆ కాలంలో మన తెలుగువారు ఏం చేస్తున్నారో చూడండి. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు "మాలపిల్ల" తీశారు. కథ చలంగారిది. "మైదానం" రాసి ఇళ్ళలో పుస్తకం దాచిపెట్టవలసిన పరిస్థితి తెచ్చిన చలంగారే. బ్రాహ్మణ యువకుడు హరిజన కన్యను ప్రేమించాడు. కాంచనమాల ఆ కన్య వేషం వేసింది. హాలీవుడ్‌లో ఏ ప్రేమకు తలుపులు వేశారో, దానికి సాటి అయిన ప్రేమను మద్రాసులో తెర మీదికి ఎక్కించారు. పెద్దలు కొందరు మండిపడ్డారు, జనం మాత్రం విరగబడి చూశారు. కులం మీద ఇంత తెగువ చూపిన పరిశ్రమ ముద్దు దగ్గర మాత్రం ఒక అడుగు వెనకకే ఉండేది. మన దేశంలో మొదట ముద్దులు లేకపోలేదు. 1933లో "కర్మ" అనే బొమ్మలో దేవికారాణి, హిమాంశు రాయ్ ముద్దు పెట్టుకున్నారు. వాళ్ళు నిజ జీవితంలో దంపతులే. తెల్లదొరలు 1918లో సినిమా చట్టం తెచ్చినా, వారి భయం ముద్దులకంటె గాంధీ టోపీ మీదనే ఎక్కువగా ఉండేది. మన తెర మీది ముద్దు మాయమయింది స్వరాజ్యం వచ్చాకనే, మన సొంత మర్యాదలు మనం రాసుకున్నాకనే.

అయితే ఏమి పోయింది? ఒక్కొక్కప్పుడు ఏమీ పోలేదనే చెప్పాలి. 1957 నాటి "మాయాబజార్"లో ఆ వెన్నెల, ఆ పడవ! మార్కస్ బార్ట్లే గారి కెమేరా పుణ్యమా అని ఆ వెన్నెలను ఇప్పటికీ చల్లగా అనుభవిస్తున్నాము. అభిమన్యుడూ శశిరేఖా విహరిస్తుంటే పెద్దవాళ్ళూ జంటలుగా అదే పడవలోకి చేరతారు. పిల్లల శృంగారానికి పెద్దల శృంగారం తోడు వచ్చింది. ఎవరూ దగ్గనక్కరలేదు. మొత్తం కుటుంబానికి ఒకటే పడవ.

1955లో వచ్చిన "మిస్సమ్మ" సంగతి ఇంకా తమాషా. పెళ్ళికాని ఒక క్రైస్తవ యువతి, పెళ్ళికాని ఒక హిందూ యువకుడు, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి ఒకే ఇంట్లో కాపురముంటారు. ఆలోచించి చూడండి, ఇది ఎంత సాహసమైన కథ! దానికి రెండేళ్ళ ముందు అమెరికాలో "ద మూన్ ఈజ్ బ్లూ" అనే బొమ్మకు, అందులో కన్యత్వం వగైరా మాటలు పైకి అన్నందుకు, బ్రీన్ ఆఫీసువారు ముద్ర నిరాకరించారు. దర్శకుడు ఓటో ప్రెమింజర్ ముద్ర లేకుండానే విడుదల చేసి డబ్బు చేసుకున్నాడు. మన సావిత్రి, రామారావులు ఏ మాటా అనకుండానే, ఎవరూ వేలెత్తి చూపకుండానే పరాయి ఇంట్లో కాపురం చేసేశారు. మా అత్తమ్మ ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా, "గా పిల్ల నోరు మంచిది కాదు గని మనసు మంచిదే" అనేది. కాపురం సంగతి ఆమెకు తట్టనే లేదు.

అంతవరకూ బాగానే ఉన్నది. తరువాతి కాలం గురించి రాయాలంటే నాకు కలం అంత చురుకుగా నడవదు.

1968 నవంబరులో అమెరికావారు ఆ పాత నియమావళిని అవతల పారేసి, ఎవరెవరు చూడదగ్గవో అక్షరాలతో చెప్పే పద్ధతి పెట్టుకున్నారు. మరుసటి ఏడు ఇక్కడ ఖోస్లా కమిటీవారు నివేదిక ఇచ్చారు. కథకు అవసరమైతే ముద్దును, నగ్నతను కూడా కళాత్మకంగా చూపవచ్చునన్నారు. 1970లో కె.ఎ. అబ్బాస్ గారి కేసులో సుప్రీంకోర్టు, సెన్సారు ఉండవలసిందేనంటూనే, స్త్రీపురుష సంబంధం చూపించినంత మాత్రాన అది అశ్లీలమైపోదని చెప్పింది. కేసు ఎందుకు వచ్చిందంటే, ఆయన తన డాక్యుమెంటరీలో బొంబాయి వేశ్యావాటికను కాస్త చూపారు, దాన్ని కొయ్యమన్నారు. ఇన్ని మంచి మాటలు కాగితాల మీద ఉండగా, మన తెలుగు తెర ఏ దారి పట్టింది? ముద్దు పెట్టుకోలేదు. దానికి బదులు నాయిక బొడ్డు మీద పూలు పడ్డాయి, పండ్లు పడ్డాయి. వాన అక్కరలేని చోట వాన కురిసింది. క్లబ్బు పాటకు జ్యోతిలక్ష్మి, జయమాలిని అక్కచెల్లెళ్ళు ఆడారు. వాళ్ళను నేను ఒక్క మాట అనను. అన్నం కోసం ఆడారు, బాగా ఆడారు, చూసిన మగవాళ్ళు బయటికి వచ్చి వాళ్ళనే తిట్టారు.

నన్ను బాధించింది ఆ పాటలు కాదు. కథానాయకుడి చెల్లెలు. ఆ అమ్మాయిని చూస్తేనే తెలిసిపోయేది. రెండు జడలతో, అన్నకు రాఖీ కట్టి, నవ్వుకుంటూ తెర మీదికి వస్తుంది. రెండవ రీలులో ఆమెను చెరుస్తారు. మూడవ రీలులో ఆమె చచ్చిపోతుంది. ఆ తరువాత అన్న పద్నాలుగు రీళ్ళు పోట్లాడతాడు. ఆమె చచ్చిపోక బతికి, నౌకరీ చేసుకుని, తిరిగి నవ్వితే కథ ఏమవుతుందో ఒక్క రచయిత కూడా రాయలేదని నేననను, కాని నేను చూసిన వాటిలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ దృశ్యాన్ని ఎంతసేపు తీసేవారో! చిరిగిన జాకెట్టు, పగిలిన గాజులు, నోరు తెరిచి నవ్వే విలను. కుటుంబాలతో కలిసి చూడదగ్గ చిత్రమని గోడ మీద రాసేవారు. ముద్దును కోసిన కత్తెర దీన్ని పట్టించుకోలేదు. ఒప్పుకున్న ఆడది కత్తెరకు దొరికింది, ఒప్పుకోని ఆడది దొరకలేదు.

ఈ మాట నేను మా ఊళ్ళో ఉండి రాస్తున్నాను కాబట్టి ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1951 ఏప్రిల్‌లో వినోబాజీ వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు దానమిచ్చిన ఊరని పోచంపల్లి పేరు దేశమంతా తెలుసు. అంతకు ముందు అప్పటి నల్లగొండ జిల్లాలో భూమి ఎవరి చేతుల్లో ఉండేదో, ఆ భూమితోపాటు ఎవరి ఇంటి ఆడపిల్లలు ఎవరి చేతుల్లో ఉండేవారో, చెప్పేవారు తక్కువ. అది తెర మీదికి వచ్చింది మద్రాసు పెద్ద కంపెనీల వల్ల కాదు. సికింద్రాబాదు పక్కన పుట్టిపెరిగిన శ్యామ్ బెనెగల్ 1974లో "అంకుర్" తీశారు. షబానా ఆజ్మీకి అదే మొదటి సినిమా. దొర కొడుకు, పనిమనిషి లక్ష్మి. ఆమెకూ అతనిమీద ఇష్టం లేకపోలేదు, అక్కడే ఆ కథలో నొప్పి ఉన్నది. ఇష్టం ఉన్నా అది సమానుల ఇష్టం కాదు. మరుసటి ఏడు "నిశాంత్"లో దొర తమ్ముళ్ళు బడిపంతులు భార్యను ఎత్తుకుపోతారు, ఊరంతా చూస్తూ ఉంటుంది. 1979లో బి. నర్సింగరావుగారు నిర్మించి, గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన "మా భూమి"లో, రామయ్య ప్రేమించిన చంద్రి దొరకు లొంగవలసి వస్తే ఆ పిల్లవాడు ఊరే విడిచిపోతాడు. 1983లో వేశ్యల మీద బెనెగల్ "మండీ" తీసింది మా పక్కనున్న భువనగిరిలోనే. ఊరి పెద్దలు వేశ్యలను ఊరవతలికి తరిమివేస్తారు, ఊరు మెల్లమెల్లగా వాళ్ళ వెనకే నడుచుకుంటూ పోతుంది. నవ్వించే బొమ్మ, నవ్వి నవ్వి చివరికి చురుక్కుమంటుంది.

వీటన్నిటికంటె నాకు దగ్గరది నర్సింగరావుగారి "దాసి". 1988 నాటి చిత్రాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది, ప్రధాన పాత్ర వేసిన అర్చనకు ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఛాయాగ్రహణానికీ, కళకూ, దుస్తులకూ కూడా ఇచ్చారు. నిజాం కాలంలో దొరసాని కాపురానికి వస్తూ వెంట తెచ్చుకునే పిల్లను మావైపు ఆడబాప అనేవారు. అటువంటి కమలాక్షి కథ అది. ఆమె గడి ఊడుస్తుంది, నీళ్ళు తోడుతుంది, దొర పిలిచినప్పుడు పోతుంది, దొర చుట్టం వచ్చి అడిగితే అక్కడికీ పోతుంది. తలుపు మూసుకుంటుంది. మనకు ఒళ్ళు కనిపించదు. చూడడానికి ఏమీ లేకుండా తీశాడు దర్శకుడు, చూడకుండా ఉండడానికి వీల్లేకుండా కూడా తీశాడు.

ఆ సినిమా మేము ఇంట్లో టీవీలో చూశాము. మామయ్య కుర్చీలో ఉన్నాడు, అత్తమ్మ చాప మీద కండెలు పక్కన పెట్టుకుని కూర్చున్నది. కమలాక్షికి మొదటిసారి దొర పిలుపు వచ్చింది. మామయ్య అలవాటు ప్రకారం దగ్గి, లేవబోయాడు.

"కూసో," అన్నది అత్తమ్మ. "దగ్గకు. జర చూడు."

ఆమె ఆయనతో అట్లా అనడం పెళ్ళయి పన్నెండేళ్ళలో నేను వినలేదు. ఆయన కూర్చున్నాడు.

కాసేపటికి తెర మీది చీర చూపించి నాతో అన్నది. "గది గడి బట్ట, కోడలా. మా నాయిన నేసెటోడు." అత్తమ్మ పుట్టిల్లు ఈ జిల్లాలోనే ఇంకొక ఊరు. వెట్టి కాలంలో సాలెవాళ్ళు గడిలోని దాసీలకు బట్టలు నేసి ఊరకనే ఇయ్యాలి. ముతక నూలు, రంగు ఉండదు, పువ్వు ఉండదు. "మా నాయిన అంచుల రెండు ఎర్ర పోగులు ఏసెటోడు. దొరకు తెలిస్తె తంతడు గద నాయినా అంటె, పండుగకు సుత వాళ్ళు గదే కట్టుకుంటరు బిడ్డా అనెటోడు."

బట్ట తీసుకుపోవడానికి గడి నుండి ఒక పిల్ల వచ్చేదట. అత్తమ్మ ఈడుదే. వాకిట్లో కూర్చుని అంచు తడిమి చూసుకునేది. వీళ్ళమ్మ ఇచ్చిన అటుకులు తిని పోయేది. "ఒక ఏడు ఆ పిల్ల రాలే. వేరే పిల్ల వచ్చింది. మా నాయిన అడగలే. మేం గూడ అడగలే." అంతవరకే చెప్పింది. సినిమా అయిపోయాక కండెలు దగ్గరికి లాక్కున్నది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడామె లేదు.

ఢిల్లీలో ఆ బొమ్మ దుస్తులకు బహుమతి ఇచ్చినవారికి అది ఎంత నిజమైన బట్టో తెలిసి ఉండదు.

ఈ మధ్య వస్తున్న బొమ్మల్లో ముద్దుకు కొదువ లేదు. 2017లో "అర్జున్ రెడ్డి" విడుదల సమయంలో బస్సు మీది ముద్దు పోస్టరును వి. హనుమంతరావుగారు చించివేశారు. ఆ రాజకీయ నాయకుడి కోపం టిక్కెట్లు మరింత అమ్మిపెట్టింది కాబోలు. ఆ పోస్టరు మీద నాకేమీ అభ్యంతరం లేదు. ఆ సినిమాలో నాయకుడు కాలేజీకి కొత్తగా వచ్చిన పిల్లను చూసి, ఆమెను ఒక్క మాట అడగకుండా, ఈమె నాది, ఎవరూ ముట్టుకోకండని తరగతి తరగతికీ తిరిగి చెబుతాడే, అక్కడ నాకు దగ్గు వచ్చింది. హాలులో మాత్రం ఈలలు వేశారు.

అదే ఏడు అక్టోబరులో అమెరికాలో హార్వీ వైన్‌స్టీన్ అనే బడా నిర్మాత మీద ఎందరో నటీమణులు నోరు విప్పారు. తెర మీద ఏమి చూపాలన్న తగాదా నూరేళ్ళు నడిచింది గాని, తెర వెనక ఏమి జరుగుతున్నదన్న ప్రశ్నకు అప్పుడు గాని గొంతు రాలేదు. తరువాత అక్కడ పెద్ద కంపెనీలు పడకగది దృశ్యాలు తీసేటప్పుడు నటీనటుల పక్షాన నిలబడి, ఏది సమ్మతం ఏది కాదో ముందే మాట్లాడి పెట్టడానికి ఒక మనిషిని నియమించుకుంటున్నాయి. మన దేశంలో కేరళలో జస్టిస్ హేమ కమిటీవారి నివేదిక 2024 ఆగస్టులో బయటపడింది. అది చదివినవారు మలయాళ పరిశ్రమ ఒక్కదాని గురించే అనుకుని ఊరుకోలేరు.

మా మనుమరాలికి పద్దెనిమిది నిండాయి. హైదరాబాదులో చదువుతున్నది. సెల్లులో ఏమి చూస్తుందో అడగవద్దని వాళ్ళమ్మ నాకు ముందే చెప్పి ఉంచింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు తనే అడిగింది.

"అమ్మమ్మా, మీ కాలం సినిమాల్లో రేప్ సీన్లు అంత పొడుగ్గా ఎందుకుంటాయి? మీరంతా కూర్చుని చూసేవాళ్ళా?"

"చూసేవాళ్ళమే," అన్నాను.

"తాతయ్య కూడా?"

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"బండిట్ క్వీన్" గురించి చెప్పాను. అందులో ఒక ఆడదాన్ని ఊరి నడుమ బట్టలు లేకుండా నడిపించే దృశ్యం ఉన్నది. దాన్ని చూసి కోరిక కాదు, చేసినవాళ్ళ మీద అసహ్యం పుడుతుందని 1996లో సుప్రీంకోర్టు దాన్ని ఉంచమన్నది. కెమేరా ఎవరి పక్కన నిలబడిందో చూడు, ఆమె పక్కనా, వాడి పక్కనా అన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి, తను ఈమధ్య చూసిన నాలుగు సినిమాల పేర్లు చెప్పి, మూడింటిలో వాడి పక్కనే అన్నది. ఆ పేర్లేవీ నాకు తెలియవు.

ముత్తవ్వ నాయిన నేసిన ఎర్ర అంచు సంగతి చెబితే "దాసి" చూస్తానన్నది. దసరాకు వచ్చినప్పుడు అందరమూ కలిసి చూద్దామనుకున్నాము. పండుగ పూట ఆ ఏడుపు ఎందుకని అల్లుడు గొణిగాడు. వాళ్ళ తాతయ్య మాత్రం, ఏది చూసినా సరే, ముందు ఒకసారి "మాయాబజార్" పెట్టమంటున్నారు.